కెమెరా కింది కచ్రా డబ్బా

నేను పిరికివాణ్ణి. ఈ మాట మొదటే చెప్పేస్తే మిగతాది మీకు సులువుగా అర్థమవుతుంది. నాకు పిల్లనిచ్చేటప్పుడు మా మామ మా నాయనను అడిగాడట, పిలగాడు ఎట్లాంటివాడని. గొడవంటే ఆమడ దూరం ఉంటాడని మా నాయన చెప్పాడట. ఆయన దాన్ని మంచి గుణమనుకున్నాడు.

ఇప్పుడు మన పట్నాల్లో కూడా మున్సిపాలిటీలు వీధి మూలల్లో కెమెరాలు బిగిస్తున్నాయి. ఆ తెరల ముందు కూర్చునే ఉద్యోగాలు మీలాంటి చిన్నవాళ్ళకు దొరుకుతున్నాయి. ఏసీ గది, తిరిగే కుర్చీ, ఎండ తగలదు, వాన తగలదు. మంచిదే. ఆ కుర్చీలో కూర్చుంటే ఎంత భయమేస్తుందో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మస్కట్‌లో నేను చాలాకాలం తాపీ పని చేశాను. మోకాళ్ళు అరిగి ఇక సైట్ మీద మెట్లెక్కలేనని తేలినప్పుడు, ఇంటిదారి పట్టడమొక్కటే మిగిలిందనుకున్నాను. అప్పుడు కెమెరాల కంపెనీలో సూపర్‌వైజర్‌గా ఉన్న గోదావరి జిల్లా ఆయన ఒకడు నన్ను చేరదీసి తెర ముందు కూర్చోబెట్టాడు. వయసులో నాకంటే బాగా చిన్న. నన్ను అన్నయ్యా అనేవాడు, నేను సార్ అనేవాణ్ణి. ఆయన మాట మీదే నా వీసా నిలబడి ఉంది. ఆ మేలు ఆయన ఎన్నడూ ఎత్తి చూపలేదు. ఎత్తి చూపని మేలుకు మనిషి ఇంకా ఎక్కువ భయపడతాడు.

మా కంపెనీ ఒక బలదియాకు కాంట్రాక్టు మీద పనిచేసేది. బలదియా అంటే అక్కడి మున్సిపాలిటీ. ఏ బలదియానో చెప్పను, చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. విల్లాల కాలనీల్లో కచ్రా డబ్బాల పక్కన విరిగిన సోఫాలు, పాత పరుపులు, ఇల్లు కూల్చిన మట్టి రాత్రికి రాత్రి కుప్పపోసి పోతున్నారని కొన్ని డబ్బాల దగ్గర స్తంభాల మీద కెమెరాలు పెట్టారు. ఆ తెరలు చూడటమే మా డ్యూటీ. మస్కట్‌లోనే ఘాలా అనే చోట లేబర్ క్యాంపులో రూమ్. పొద్దున కంపెనీ బస్సు తీసుకుపోయేది, సాయంత్రం తెచ్చి దింపేది. బండి ఆపి సామాను దించేవాడు కనిపిస్తే బండి నంబరు పంపాలి. పని అంతే.

అంతే అన్నాను గానీ, దాని చుట్టూ కట్టుబాట్లు చాలా ఉండేవి. మొదటి రోజే సూపర్‌వైజర్ నాకు చెప్పాడు.

“చూడ్డం మన డ్యూటీ అన్నయ్యా. వెనక్కి తిప్పడం మాత్రం మన చేతిలో లేదు.”

జరుగుతున్నది చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జరిగిపోయినది వెనక్కి తిప్పి చూడాలంటే మాత్రం బలదియాలో పెద్ద అధికారి సంతకం కావాలి. చెత్త కోసం పెట్టిన కెమెరాతో చెత్త సంగతే చూడాలి. ఎవరి భార్య ఎవరితో మాట్లాడింది, ఎవరి కొడుకు చాటుగా సిగరెట్ కాల్చాడు, ఇవి మనకు పట్టకూడదు. ఎవరు తిప్పి చూసినా ఆ కుర్చీవాడి పేరు యంత్రంలో నిలిచిపోతుంది. కొన్ని నెలలకోసారి బలదియా మండలి తరఫున ఒక అధికారి చెప్పాపెట్టకుండా వచ్చి, ఎందుకు తిప్పారు, ఎవరు తిప్పమన్నారు అని అడుగుతాడు.

ఇవన్నీ చాలవన్నట్టు మా తలల వెనక గది మూలలో ఇంకో కెమెరా ఉండేది. చూసేవాళ్ళను చూసే కెమెరా. దానికి మావాళ్ళు అత్తగారు అని పేరు పెట్టారు. అత్తగారికి నిద్ర లేదు, పండగ లేదు. నేను ఒళ్ళు విరుచుకోవాలన్నా ఒకసారి వెనక్కి చూసి విరుచుకునేవాణ్ణి.

నా పక్క కుర్చీలో నిజామాబాద్ దిక్కు మిత్రుడొకడు ఉండేవాడు. నాకు ఎంత భయమో వాడికి అంత తెగువ, పైగా తిండి ధ్యాస. గదిలో తినకూడదని రూలు. తినడానికి బయట రేకుల షెడ్డు ఉంది. ఎండాకాలం మస్కట్‌లో రేకుల షెడ్డు కింద టిఫిన్ డబ్బా తెరిస్తే అన్నం మళ్ళీ ఉడుకుతుంది.

“అత్త సూస్తుంటె కోడండ్లు ఎట్ల తింటరే,” అని ఒకరోజు వాడు నేల తుడిచే వైపర్ కర్ర తెచ్చి, దానితో ఆ కెమెరాను ఏసీ వైపు నెట్టాడు. గది వెనకభాగంలో పేపరు పరిచాం. చల్లగా కూర్చుని పప్పు, పచ్చిపులుసు కలుపుకుని తిన్నాం. మొదట్లో తినగానే మళ్ళీ కర్రతో సరిచేసేవాడు. తరువాత, రోజూ ఎందుకీ తిప్పుడు అని అట్లాగే వదిలేశాడు. పరిశీలనకు వచ్చే పెద్దాయన అక్కడి కాఫీ, కహ్వా తాగి, ఖర్జూరపండు నోట్లో వేసుకుని, అంతా బాగుందా అని అడిగి వెళ్ళిపోయేవాడు. అత్తగారు ఏసీని చూస్తోందని ఆయనకూ తెలియలేదు.

ఇక అసలు సంగతి, ఒక ఆడమనిషిది.

నా తెరల్లో ఒకదాంట్లో ఒక వీధి, వీధి ఆ చివర ఒక ఇంటి గేటు కనిపించేవి. రోజూ మధ్యాహ్నం ఆ గేటు తెరుచుకుని ఒక పనిమనిషి కచ్రా సంచితో బయటికి వచ్చేది. గేటు పక్కనే ఒక డబ్బా ఉంది. ఆమె దాన్ని దాటి, నిప్పులు కురిసే ఎండలో వీధంతా నడిచి, ఈ చివర కెమెరా స్తంభం కింద ఉన్న డబ్బాలోనే సంచి వేసేది. మిగిలిన రొట్టెలు మాత్రం చెత్తలో కలపకుండా వేరే కవరులో కట్టి డబ్బా పిడికి తగిలించేది. అక్కడి ఇళ్ళలో అది ఆచారం.

“ఈమెకు నడుసుడంటె పానం ఉన్నట్టున్నది అన్నా,” అనేవాడు మా మిత్రుడు. “లేకుంటె కాళ్ళ కాడి డబ్బ ఇడిసిపెట్టి గింత దూరమెందుకు వస్తది.”

“ఇంట్ల నుంచి బయటవడ్డంక జర గాలి పీల్చుకుంటది తీ,” అనేవాణ్ణి నేను.

సంచి వేశాక ఆమె కాసేపు అక్కడే నిలబడేది. కొన్నిసార్లు తలెత్తి నేరుగా కెమెరాలోకి చూసేది. అప్పుడు ఆమెకు నేను కనిపిస్తున్నానేమో అనిపించి కుర్చీ కొంచెం పక్కకు జరుపుకునేవాణ్ణి. మిత్రుడు నవ్వేవాడు.

ఆ వీధి ఊడ్చే మనిషి మా క్యాంపులోనే ఉండేవాడు, కామారెడ్డి దిక్కు. ఆమె వచ్చే వేళకు ఆ మనిషి తన ఫోన్ ఆమెకిచ్చి, తాను చీపురు పట్టుకుని కాస్త దూరంగా పోయి నిలబడేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ఒక శుక్రవారం బట్టలు ఉతికే దగ్గర ఉండబట్టలేక అడిగాను.

“ఎవలన్నా ఆమె?”

“కడప దిక్కు అక్క. గడువు ఎప్పుడో అయిపోయిందట, ఇంటికి పంపుతలేరు. ఫోన్ గుంజుకున్నరు. నా ఫోన్ల బిడ్డతోని మాట్లాడిపిస్తున్న, గంతే. తప్పా?”

“తప్పని ఎవలన్నరు. నువ్వయితె పైలం,” అన్నాను. ఆ తరువాత ఆ తెర వైపు చూడాలన్నా భయమేసేది. చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి కూడా.

ఒక మధ్యాహ్నం మేము వెనకభాగంలో పేపరు పరుచుకుని తింటుండగా సూపర్‌వైజర్ లోపలికి వచ్చాడు. నేను ఎంగిలిచేత్తో లేవబోయాను.

“తినండి తినండి, లేవకండి అన్నయ్యా,” అంటూ ఆయన పోయి నా కుర్చీలో కూర్చున్నాడు. యంత్రం నా పేరుతోనే తెరిచి ఉంది. ఆయన ఆ వీధి కెమెరా తీసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

“సార్, కాయితం వచ్చిందా?” అని అడిగాను.

“చిన్న పని అన్నయ్యా, దీనిక్కూడా కాగితమెందుకు. ఆ చివరింటాయన మన కంపెనీకి బాగా కావలసినవాడు. పనిమనిషి మీద ఏదో అనుమానం. ఒకసారి చూసి చెప్పేస్తే అయిపోద్ది.”

తెర మీద ఆమె వచ్చింది, సంచి వేసింది, ఫోన్ అందుకుంది. ఆయన ఆపి, మళ్ళీ తిప్పి, ముందురోజుది తీశాడు. అందులోనూ ఆమె ఫోన్ అందుకుంది. అప్పుడు ఆయన తన మొబైల్ తీసి తెరకు ఎదురుగా పెట్టి వీడియో తీసుకున్నాడు. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కంచే చేను మేస్తోందని తెలుస్తూనే ఉంది, చేతికి పప్పు అంటుకుని ఉంది, అత్తగారు ఏసీని చూస్తోంది. ఆయన లేచి, “పప్పు వాసన బాగుందండోయ్,” అని మా మిత్రుడితో అని వెళ్ళిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఆమె రాలేదు.

ఆ మరునాడూ రాలేదు. గేటు తెరుచుకునేది, డ్రైవరు సంచి తెచ్చి గేటు పక్క డబ్బాలోనే పడేసి లోపలికి పోయేవాడు. గేటు మూసుకునేది. నేను ఆ తెర ముందు కూర్చుని ఆ గేటునే చూసేవాణ్ణి. వేరే తెరలో ఎవడో పాత ఫ్రిజ్జు దించి పోతే అది కూడా నా కంట పడలేదు. గేటు లోపల ఏం జరుగుతుందో చూపించే కెమెరా ఎక్కడా ఉండదు కదా. కనపడని దాని మీదికే మనసు పోతుంది. కొట్టారేమో. గదిలో పెట్టి తాళం వేశారేమో. ఏదో కేసు పెట్టారేమో. చచ్చిపోయిందేమో అని కూడా అనుకున్నాను. ఎవరికైనా చెబుదామంటే, చూసింది నా యంత్రం, పేరు నాది. నోరు తెరిస్తే ముందు పోయేది నేనే.

ఊడ్చే మనిషిని ఉన్నట్టుండి వేరే ఏరియాకు మార్చారు. క్యాంపులో నన్ను పట్టుకుని అడిగాడు. “అన్నా, ఆ అక్క వస్తున్నదా? నీకు కనవడ్తది గదా.”

“ఏమో, నేను సూస్తలేను,” అన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా పోయాడు.

కొన్నాళ్ళకు సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచాడు. పరిశీలనకు వచ్చే పెద్దాయన మారాడట, ఆ స్థానంలో ఒక మేడం వచ్చిందట, ఆమె ప్రతి తిప్పుడు గురించీ అడుగుతుందట.

“అడిగితే చెయ్యి జారి తిరిగిందని చెప్పెయ్ అన్నయ్యా. ఒక వార్నింగ్ ఇస్తారు, అంతేగా. వార్నింగ్ సంగతి నేను చూసుకుంటాను. వేరేగా చెప్పావనుకో, గదిలో భోజనాల సంగతి వస్తది, కెమెరా ఎవరు తిప్పారో వస్తది. నీకూ నీ ఫ్రెండుకీ ఖలాస్. నా మాట విను, నీ మంచికే చెప్తున్నాను.”

నిజంగా నా మంచికే చెబుతున్నట్టు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

మిత్రుడికి చెప్పాను. ఎన్నడూ భయపడనివాడు భయపడ్డాడు. “అన్నా, తినుడు సంగతి మాత్రం చెప్పకు. చెయ్యి జారిందనే చెప్పు. నీ కాళ్ళు మొక్కుత.” సరే అన్నాను. నేను కూడా అదే చెబుదామనుకున్నాను. ఇందులో దాచేదేముంది, పిరికివాణ్ణని ముందే చెప్పాను.

మేడం ఒక ఆదివారం పొద్దున వచ్చింది. ఒమానీ ఆమె, నల్ల అబాయా, మామూలు చెప్పులు. కహ్వా ఇవ్వబోతే వద్దంది. అది వినగానే మా మిత్రుడు బల్ల కింద నుంచి నా కాలు తన్నాడు. ఆమె హిందీ తప్పుల్లేకుండా మాట్లాడింది. నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని, సంతకం లేకుండా వెనక్కి తిప్పిన ఆ మధ్యాహ్నాన్ని తెర మీదికి రప్పించింది. సూపర్‌వైజర్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఇది మీ పేరేనా?”

“నాదే మేడం. చెయ్యి జారింది.”

“ఒకే వీధి, రెండు రోజులది, మళ్ళీ మళ్ళీ జారిందా?”

నేను తెర వైపు తిరిగాను. తెర మీద ఆ పనిమనిషి ఆగి ఉంది, ఫోన్ చెవికి పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మేడం కాసేపు ఆ బొమ్మనే చూసింది.

“ఇక్కడ ఎవరూ చెత్త తప్పుగా వేయలేదు. ఒక మనిషి ఫోన్ మాట్లాడుతోంది, అంతే. వినండి. చెయ్యి జారిందంటే ఎవరూ ఏమీ చూడలేదని అర్థం. నేను ఒక వార్నింగ్ రాసి లేచిపోతాను. అలా కాకుండా, చూడకూడనివాళ్ళు ఈమెను చూసి ఉంటే, ఆ సంగతి ఈమెకు చెప్పడం మా బాధ్యత. కాగితం పంపితే సరిపోదు. నేను స్వయంగా పోయి ఈమె ఎదుట నిలబడి చెప్పాలి. మా కట్టుబాటు అది. ఇప్పుడు చెప్పండి. చెప్పవలసినది ఏమైనా ఉందా, లేదా?”

అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, ఆ నిమిషం నేను అదే. ఉంది అంటే నా కుర్చీ పోతుంది, మిత్రుడి కుర్చీ పోతుంది. లేదు అంటే ఆ గేటు దగ్గరికి ఇక ఎవరూ పోరు. బలదియా పోదు, మేడం పోదు. ఆ డ్రైవరే రోజూ సంచి తెచ్చి వేస్తాడు. నా వీపంతా చెమటతో తడిసి చొక్కా కుర్చీకి అంటుకుపోయింది. ధైర్యం వచ్చి చెప్పానని మీరు అనుకోవద్దు. ఒక భయం కంటే ఇంకో భయం పెద్దదయింది. ఆ మూసిన గేటును ఇక ఉద్యోగం ఉన్నంతకాలం చూస్తూ కూర్చోవాలి కదా అనే భయం.

“ఉంది మేడం,” అన్నాను. “చూసిండ్రు. మొబైల్‌లో తీసుకున్నరు. ఆ ఇంటాయనకు పంపిండ్రు.”

“ఎవరు?”

తలుపు వైపు చూశాను. సూపర్‌వైజర్ నవ్వాడు.

“ఏంటి అన్నయ్యా, నీ కుర్చీలో జరిగింది నా మీద పెడతావా? మేడం, వెనక కెమెరా చూడండి. ఆ కుర్చీలో ఎవరున్నారో తెలిసిపోద్ది.”

మేడం అత్తగారి రికార్డు తెరిపించింది. తెర నిండా ఏసీ. ఆ రోజు ఏసీ, అంతకు ముందు రోజు ఏసీ, ఎంత వెనక్కి పోయినా ఏసీ. మేడం నా వైపు తిరిగింది. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మా మిత్రుడు లేచాడు. మూలకు పోయి వైపర్ కర్ర తెచ్చాడు. దానితో కెమెరాను మెల్లగా మా కుర్చీల వైపు తిప్పాడు, మళ్ళీ ఏసీ వైపు తిప్పాడు.

“నేనే తిప్పిన మేడం. అన్నం తినెటందుకు. బయట ఎండ ఎక్కువున్నది,” అన్నాడు. తరువాత తలుపు వైపు చూపించాడు. “మేము ఆడ కూసోని తింటుంటె ఈ సారే వచ్చి ఈ కుర్చీల కూసున్నడు. నేను సూసిన.”

ఆ కర్ర చివర ఏసీకి తగిలి టకటకలాడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. సూపర్‌వైజర్ ఇక నవ్వలేదు. ఆయన మొబైల్ బల్ల మీద పెట్టమంది మేడం. పెట్టాడు.

“మీకు ఈమె భాష వచ్చా?” అని మేడం నన్ను అడిగింది.

“వస్తది మేడం. మాదీ తెలుగే.”

“అయితే నాతో రండి.”

కారులో మేడం ఒకటే మాట చెప్పింది. తాను పోలీసు కాదట. ఆ ఇంట్లోకి బలవంతంగా పోయే అధికారం తనకు లేదట. ఒక మాట చెప్పే బాధ్యత మాత్రమే ఉందట. ఇంటాయన తలుపు వేసుకుంటే గుమ్మం బయట నిలబడవలసిందేనట. నాకు వచ్చిన కాస్త ధైర్యం అక్కడే జారిపోయింది. తెరలో నేను ఇన్నాళ్ళూ చూసిన వీధి ఎదురుగా వచ్చింది. తెరలో చిన్నగా కనిపించే గేటు నా తలకంటే ఎత్తు ఉంది.

ఇంటాయన పెద్ద వయసు మనిషి. కొట్టేవాడిలా లేడు. మర్యాదగా మజ్లిస్‌లో, అంటే ముందు హాలులో, కూర్చోబెట్టాడు, కహ్వా పోశాడు. పనిమనిషి పడుకుందన్నాడు. మేడం అరబ్బీలో నెమ్మదిగా మాట్లాడింది, మాట్లాడినకొద్దీ ఆయన మొహం వాడిపోయింది. తరువాత నాకు హిందీలో చెప్పింది. “ఈయనకూ భయమే. ఆమె ఎవరితోనో వెళ్ళిపోతుందని, ఆ తప్పు తన మీదికి వస్తుందని భయం. అందుకని తాళం వేశాడు. ఈయన ఫోన్‌లో ఉన్న వీడియో మా కెమెరాది, అది ఉంచుకోవడం తప్పు అని చెప్పాను. ఆమెకు చెప్పేదాకా నేను లేవనని కూడా చెప్పాను.”

కహ్వా చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు. చివరికి ఇంటాయన లేచి పైకి పోయాడు. పైన ఎక్కడో తాళం తీసిన చప్పుడు వినిపించింది.

ఆయన వెనకే ఆమె మెట్లు దిగి వచ్చింది. బతికే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. తెరలో కనిపించినదానికంటే సన్నగా ఉంది. మేడం ఇంటాయనను బయటికి పొమ్మని, తలుపు వేసి, ఆమె ఎదుట లేచి నిలబడింది. ఒక అధికారి పనిమనిషి ఎదుట లేచి నిలబడటం నేను అక్కడ అదే మొదటిసారి చూడటం. మేడం చెప్పినది చెప్పినట్టు తెలుగులో చెప్పాను.

“అమ్మా, వీధి చివర డబ్బ కాడ బలదియా కెమెరా ఉన్నది. అండ్ల నీ బొమ్మ, సూడగూడనోళ్ళు సూసిండ్రు. ఈ ఇంటాయనకు ఇచ్చిండ్రు. అది మా తప్పు. నీకు చెప్పెటందుకు ఈ మేడం వచ్చింది.”

ఆమె తెలుగు విని ఒక్కసారి నా మొహంలోకి చూసింది. కెమెరాలోకి చూసినట్టే చూసింది.

“ఆడ కెమెరా ఉండేది నాకి తెలుసన్నా,” అంది.

“తెలుసా?”

“అందుకే గదా ఆడికే పోతాంటి. గేటు కాడ డబ్బా ఉండాది. అయినా ఆడికే పోతాంటి. ఈ ఇంట్లో నేను సచ్చినా బతికినా యెవురికీ తెలీదన్నా. ఆ కెమెరా ఎనకాల యెవురో ఒకరు మనిషి కూర్చోని ఉంటాడు గదా, రోజూ నన్ను సూస్తాంటాడు గదా, ఒకరోజు నేను రాకపోతే యాడికి పోయిందీమె అనన్నా అనుకుంటాడు గదా అని పోతాంటి.”

మేడం నన్ను అడిగింది. “ఏమంటోంది?”

హిందీ మాటలు ఒక్కొక్కటే వెతుక్కున్నాను. చివరికి చెప్పాను. “తను రాకపోతే ఎవరో ఒకరు గమనిస్తారని ఆ కెమెరా దగ్గరికి వచ్చేదట మేడం.”

“మరి, ఎవరైనా గమనించారా?”

“గమనించాను మేడం,” అన్నాను. “మరునాడే.”

ఇన్నాళ్ళూ ఏం చేశావని మేడం అడగలేదు. అడుగుతుందేమోనని నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను.

ఏం కావాలో ఆమెను అడగమంది మేడం. అడిగాను.

“ఇంటికి పోవాల,” అంది ఆమె. ఇంకేమీ అడగలేదు. ఎవరి మీదా ఫిర్యాదు కూడా చెప్పలేదు.

తలుపు తీశారు. మేడం, ఇంటాయన చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన లోపలికి పోయి పాస్‌పోర్టు తెచ్చి మేడం చేతిలో పెట్టాడు. వీడియో చెరిపేశాడు, మేడం చూస్తుండగానే. మా కంపెనీ సంగతి తరువాత తేలింది. సూపర్‌వైజర్ పోయాడు. కొన్నాళ్ళకు నా కుర్చీ కూడా పోయింది, అరిగిన మోకాళ్ళతోనే ఒక గోడౌన్‌కు వాచ్‌మన్‌గా మిగతా కాలం వెళ్ళదీశాను. మిత్రుడికి వార్నింగ్ ఇచ్చి ఉంచారు, కాని అత్తగారిని ఎవరికీ అందనంత పైకి బిగించారు. వాడు రేకుల షెడ్డు కింద తింటూ నన్ను తిట్టుకునేవాడు. ఇవన్నీ తరువాతి మాటలు.

ఆ రోజు మేము గేటు బయట కారు దగ్గర నిలబడ్డాం. సామాను తెచ్చుకుంటానని ఆమె లోపలికి పోయింది. గేటు మూసుకుంది. ఆ కాసేపు నేను పడిన భయం అంతకు ముందు పడినదంతా కలిపినా రాదు. ఇక తెరుచుకోదనుకున్నాను. మేడం కూడా మాట్లాడటం ఆపి గేటు వంకే చూసింది.

గేటు తెరుచుకుంది. ఆమె భుజానికి ఒక బట్టల సంచి ఉంది. చేతిలో వంటింటి కచ్రా సంచి ఉంది. పోతూ పోతూ దాన్ని అక్కడ వదలబుద్ధి కాలేదేమో. వీధి చివర స్తంభం వైపు ఒకసారి చూసింది. తరువాత గేటు పక్కనే ఉన్న డబ్బా మూత ఎత్తి సంచి అందులో వేసి, చెయ్యి దులుపుకుని వచ్చి కారెక్కింది.